గట్టు వార రింగులు

కోనసీమలో వరిని పస్తు పెట్టడం ఎంత కష్టమో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మొక్కల శరీరధర్మశాస్త్రం చదివాను, ఇంకొకరి చేత చదివించాను, ఉద్యోగమంతా దాంతోనే గడిపాను. కానీ నేను కర్నూలు వైపు మనిషిని. మా దగ్గర పైరు పసుపుపచ్చగా మారితే వాన మొహం చాటేసిందని అనుకుంటారు, పైకి చూసి నిట్టూర్చి పోతారు. ఇక్కడ పైరు పసుపుపచ్చగా మారితే దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని అనుకుంటారు. ఈ తేడా నాకు తెలియకపోవడం వల్ల ఒక అమ్మాయి డాక్టరేటు దాదాపు నీళ్లపాలైంది. ఇప్పుడిప్పుడే పరిశోధనల్లోకి వస్తున్న మీకు ఇది పనికొస్తుందో లేదో తెలియదు గాని, తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ వస్తుంది, కాస్త ఒళ్లూ జలదరిస్తుంది.

అప్పుడు నేను అమలాపురం దగ్గర ఒక పరిశోధన స్థానంలో ఉన్నాను. రిటైర్మెంటు దగ్గర పడుతోంది. పి.గన్నవరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా దగ్గర పీహెచ్‌డీకి చేరింది. మాట మెత్తన, పట్టు గట్టి. ఏదైనా ప్రశ్న పట్టుకుందంటే అన్నం కూడా మరిచిపోయే రకం.

ఆమె పట్టుకున్న ప్రశ్న ఇది. కాట్రేనికోన వైపు చేలల్లోకి సముద్రపు ఉప్పు ఎక్కుతుంది. ఉప్పు తగిలిన వరి ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎక్కువగా తయారు చేసుకుని ప్రాణం నిలబెట్టుకుంటుంది. అంతవరకు అందరికీ తెలుసు. తయారు చేసుకున్నదాన్ని కణంలో ఎక్కడ పెట్టుకుంటుంది? కణం అంటే ఒకే గది కాదు. ఆకుపచ్చగా ఉండే హరితరేణువు వంటిల్లు అనుకోండి, మధ్యలో నీటి సంచిలా ఉండే రిక్తిక కొట్టుగది అనుకోండి. ఆకు మొత్తం నూరి కొలిస్తే ఇంట్లో ఎంత సరుకుందో తెలుస్తుంది గాని, ఏ గదిలో ఎంతుందో, ఏ గది సరుకు రోజూ ఖర్చవుతోందో తెలియదు. ఆ అమ్మాయికి తెలియాల్సింది అదే.

అందుకు మేం బరువు నత్రజని వాడాం. మామూలు నత్రజని కంటే ఒక్క న్యూట్రాన్ ఎక్కువ, అంతే తేడా. రేడియోధార్మికత ఏమీ ఉండదు. మొక్క రెండింటినీ ఒకేలా తింటుంది, మాస్ స్పెక్ట్రోమీటర్ మాత్రం వేరుగా చూపిస్తుంది. ఆ నత్రజని ఉన్న ఎరువు వేసి, కొన్ని రోజులకోసారి ఆకులు కోసి, కోసిన క్షణంలోనే ద్రవ నత్రజనిలో ముంచి గడ్డకట్టించాలి. ఆలస్యమైతే ఒక గదిలోది ఇంకో గదిలోకి జారిపోతుంది. ఆ తర్వాత నీళ్లు తగలకుండా ఎండబెట్టి, నూరి, పొరలుగా విడదీస్తే ఏ బరువు నత్రజని ఏ గదిలో ఉందో లెక్క తేలుతుంది.

ముంచడానికి కావలసిన ద్రవ నత్రజని మాకు పశువుల ఆసుపత్రి నుంచి వచ్చేది. గేదెలను చూడి కట్టించే వీర్యం నిల్వ ఉంచడానికి వాళ్ల దగ్గర క్యానులు ఉంటాయి. అది చూసి మా ఆఫీసు సూపరింటెండెంటు గారు ఫైలు ఆపేశారు. "పశువుల ఆసుపత్రి వాళ్లు క్యానుకి క్యాను ఇస్తున్నారు కదండీ. మళ్లీ చెంచాడు నత్రజని విదేశం నుంచి తెప్పించడం ఎందుకండీ?" అన్నారు. అది ముంచడానికి, ఇది తినిపించడానికి అని ఆయనకు చెప్పడానికే నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. చివరికి, "తినిపించేదైతే సరేలెండి," అని సంతకం పెట్టారు. తిండి అనే మాటకు ఈ ప్రాంతంలో ఉన్న విలువ నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

కాట్రేనికోన దాటాక ఒక రైతు మడి కౌలుకు తీసుకున్నాం. బరువు నత్రజని మడంతా చల్లేంత ఉండదు కాబట్టి, అడుగు లేని రేకు రింగులు బురదలో దిగ్గొట్టి, ఆ రింగుల్లో ఉన్న వరికి మాత్రమే పెట్టాలి. అయితే ముందు వాటిని కొన్నాళ్లు నత్రజని లేకుండా మాడ్చాలి. ఆకలి మీద ఉంటేనే పెట్టింది గబగబా తీసుకుంటాయి, గుర్తు స్పష్టంగా కనిపిస్తుంది. పది రోజులయ్యేసరికి మా మడి పాలిపోయింది. చుట్టూ చేలన్నీ నల్లటి పచ్చదనంతో ఊగుతుంటే, మాది ఒక్కటే జ్వరం వచ్చిన పిల్లాడిలా నిలబడింది.

పక్క చేను ఆయన రోజూ మా గట్టు మీదుగానే నడిచేవారు. చాలా ఏళ్లు కువైట్‌లో ఒక పెద్ద ఇంట్లో వంట చేసి, తిరిగొచ్చి తండ్రి పొలం చేసుకుంటున్నారు. మనిషి కనిపిస్తే "టిఫిను చేసేరాండీ?" అని అడగకుండా దాటరు. మా మడి చూసి ఆగిపోయారు.

"ఇదేంటండీ సారూ, పైరు ఇలా పాలిపోయింది? ఎరువెయ్యలేదాండీ?"

"కావాలనే వేయలేదప్పా. ప్రయోగం."

"ఆయ్," అన్నారు ఆయన. మడి వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయారు. ఆ 'ఆయ్'ని నేను అంగీకారం కింద జమ వేసుకున్నాను.

తర్వాత అంతా పద్ధతిగానే జరిగింది. బరువు నత్రజని పెట్టాం. వరి మెల్లగా పచ్చబడటం మొదలుపెట్టింది. ఎరువు పెట్టాం కాబట్టి పచ్చబడుతోందని సంతోషించాం. ఆకులు కోశాం, ముంచాం, క్యానును ఆటోలో ఒళ్లో పట్టుకుని తెచ్చుకున్నాం. నెలల తరబడి ఆ అమ్మాయి ఎండబెట్టి, నూరి, విడదీసి నమూనాలను హైదరాబాదు పంపింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె నా గదిలోకి వచ్చి కుర్చీ చివర కూర్చుంది. "ఏదో తేడాగా ఉందండీ మాస్టారూ," అంది.

తేడా మామూలుది కాదు. మొదటి రెండు కోతల ఆకుల్లో అన్ని రింగులూ ఒకే మాట చెప్పాయి. తర్వాతి కోతల్లో సగం రింగులు ఒక మాట, మిగతా సగం ఇంకో మాట. కొన్నింట్లో హరితరేణువుల్లోని బరువు నత్రజని ఉన్నట్టుండి పడిపోయింది. అవే రింగుల్లో రిక్తికలో ఉన్న ప్రోలిన్ మాత్రం బరువుగానే కూర్చుంది. ఒకే ఆకు, ఒకే ఆమ్లం, వంటింట్లో ఒక లెక్క, కొట్టుగదిలో ఇంకో లెక్క. చూస్తే గందరగోళం, కానీ చూడాలనిపించే గందరగోళం. ఆ కాగితాల మీద నుంచి నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

మా విభాగం హెడ్ గారికి అలా అనిపించలేదు. "ట్యూబుల మీద చీటీలు మారిపోయి ఉంటాయి. ఏది ఏ రింగుదో కలిపేసి ఉంటుంది," అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, మీటింగులో ఫలితాలు చూపించాల్సిన మనిషి. కానీ ఆ మాట ఆ అమ్మాయి ముందే అన్నారు. ఆమె ఫెలోషిప్ గడువు దగ్గర పడుతోంది. బరువు నత్రజని డబ్బా అడుగున కాస్తే మిగిలింది. చీటీలు మార్చేసిందన్న పేరు ఒకసారి పడితే ఈ రంగంలో ఇంకెవరూ నమ్మరు. ఆమె ఏడవలేదు. "నేను మార్చలేదండీ," అని ఒక్కమాట అని బయటికి వెళ్లింది.

మర్నాడు ఆమె ఒక కాగితం మీద మడి బొమ్మ గీసుకుని వచ్చింది. సరిగ్గా నడిచిన రింగులకు పచ్చ చుక్క, తిరగబడిన వాటికి ఎర్ర చుక్క పెట్టింది. ఎర్ర చుక్కలన్నీ ఒకే వైపు ఉన్నాయి, గట్టు వార.

"చీటీలు మారితే గట్టు చూసుకుని మారవు కదండీ," అంది.

మేమిద్దరం ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాం. గట్టు మీద నుంచి చెయ్యి విసిరితే ఎంత దూరం పడుతుందో, ఎర్ర చుక్కలు అంతవరకే ఉన్నాయి. ఎవరో మామూలు నత్రజని చల్లారు. కొత్తగా వచ్చిన మామూలు నత్రజని వంటింట్లోకి వెళ్లి బరువుదాన్ని తోసేసింది. కొట్టుగది తలుపు మాత్రం తెరుచుకోలేదు. అదే నిజమైతే ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఆ గందరగోళంలోనే ఉంది. కొట్టుగదిలో దాచింది రోజువారీ ఖర్చులోకి రావడం లేదు. కానీ ఎవరు చల్లారో, ఎప్పుడు చల్లారో తెలియకుండా ఆ మాట కాగితం మీద పెట్టలేం.

నేను బండెక్కి నేరుగా పక్క చేను ఆయన దగ్గరికి వెళ్లాను. మా కర్నూలు పద్ధతిలో సూటిగా అడిగాను.

"ఏమప్పా, మా మళ్లో మీరేమన్నా యూరియా చల్లినారా?"

"అబ్బెబ్బే! మీ చేలో నాకేం పనండీ?" అన్నారు ఆయన. ఆయన మొహం ముడుచుకుపోయింది. ఆ రోజు టిఫిను చేశారా అని కూడా అడగలేదు. నేను తిరిగొచ్చి, ఆయన కాదట అని చెప్పాను.

"ఎలా అడిగేరండీ?" అంది ఆ అమ్మాయి. చెప్పాను. నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "అలా అడిగితే మా నాన్నగారు కూడా లేదనే అంటారండీ. రేపు నేను వస్తాను, మీరు మాట్లాడకండి."

మర్నాడు ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాం. వాళ్లావిడ కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చారు. ఆ అమ్మాయి బొండం తాగింది, వాళ్ల పాడిగేదె గురించి అడిగింది, కువైట్‌లో ఎండల గురించి అడిగింది. నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. చివరికి లేవబోతూ, మాటవరసకన్నట్టుగా అంది.

"బాబాయి గారూ, మా గట్టు వార రింగులు ఎంత బాగా తేరుకున్నాయోనండీ. ఎవరి చలవో గాని, ఏ పుణ్యాత్ములో ఓ చెయ్యేసేరండీ."

ఆయన వాళ్లావిడ వైపు చూశారు. ఆవిడ చీర కొంగు సర్దుకుంటూ నవ్వేశారు.

"చెప్పెయ్యండీ, దానికేంటి," అన్నారు ఆవిడ.

"అదేనమ్మా... చూళ్లేకపోయేను," అన్నారు ఆయన. "వాడపల్లి ఎళ్లొచ్చేనా, స్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం కడుపారా తినొచ్చేను. గట్టు మీదకొచ్చేతలికి ఆ పైరు ఇంకా అలా నోరెండి నిలబడుంది. మా చేలో చల్లగా మిగిలిన యూరియా సంచిలో కాస్త ఉంది. రెండు గుప్పిళ్లు ఇసిరేను. సారు గారేమో మొగమాటం మనిషిలా ఉన్నారు, గవర్నమెంటోళ్లు ఎరువియ్యకపోయినా అడగలేక ప్రయోగమని చెప్తున్నారేమో అనుకున్నానండీ."

నన్ను మొహమాటస్తుడని అన్నది నా జీవితంలో ఆయన ఒక్కరే.

"మరి మొన్న అడిగితే లేదంటిరి గదప్పా?" అన్నాను, ఉండబట్టలేక.

"మీరడిగింది దొంగతనం చేసేవా అన్నట్టుందండీ," అన్నారు ఆయన, కాస్త నొచ్చుకుంటూ.

ఆ అమ్మాయి మెల్లగా అందుకుంది. "ఏ శనివారమండీ బాబాయి గారూ?" వాడపల్లి వెంకన్న దర్శనానికి మొక్కుకున్న వాళ్లు వరసగా ఏడు శనివారాలు వెళ్తారు. ఆయన వేళ్లు మడిచి లెక్క పెట్టక్కర్లేకుండానే, "నాలుగోదమ్మా," అన్నారు. మొదటి శనివారం ఎప్పుడో వాళ్లావిడ చెప్పారు. ఆ అమ్మాయి మొహంలో వెలుగు చూశాను. మా రెండో కోతకూ మూడో కోతకూ మధ్య పడింది ఆ నాలుగో శనివారం. రింగులు తిరగబడింది అక్కడి నుంచే.

ఎంత చల్లారో తెలుసుకుందామని ఇంకో రోజు చిన్న త్రాసు తీసుకెళ్లాం. ఆయన చేత గుప్పిళ్లు తీయించి తూచాం. ఒక గుప్పిటికీ ఇంకో గుప్పిటికీ పొంతన లేదు. "మనసు బాగుంటే ఎక్కువొస్తదండీ," అని సంజాయిషీ ఇచ్చారు. వాడపల్లి నుంచి వచ్చిన రోజు మనసు బాగానే ఉండి ఉంటుందని మేం అంచనా వేసుకోవచ్చు గాని, దాన్ని గ్రాముల్లో రాయలేం.

హెడ్ గారికి అంతా చెప్పాం. ఆయన కుర్చీలో ముందుకు వంగారు. "ఇంకేం! బరువుది పెట్టి, తర్వాత మామూలుది పెట్టి, ఏది ఎక్కడ నిలిచిందో చూడటం పెద్ద పెద్ద చోట్ల కావాలని చేసే పద్ధతి. మనమూ అలాగే చేశామని రాసేయండి. మోతాదు ఏదో ఒకటి వేసుకోండి."

"మనం చేయలేదు కదండీ," అంది ఆ అమ్మాయి.

"పక్క రైతు జాలిపడి చల్లాడని థీసిస్‌లో రాస్తావా? ఏ పరీక్షకుడు ఒప్పుకుంటాడమ్మా? నీ గడువు చూసుకో. నీ మంచికే చెబుతున్నాను."

ఆయన చెప్పింది ఆమె మంచికే, అది అబద్ధం కాదు. ఆమె నా వైపు చూసింది. నాకు భయం వేసింది, దాచడం ఎందుకు. నాకైతే పెన్షను వస్తుంది, పోయేది ఆమె డిగ్రీ. తర్వాత హెడ్ గారి వైపు తిరిగి, "మిగిలిన బరువు నత్రజనితో మళ్లీ వేస్తానండీ. తక్కువ రింగులే వేస్తాను. ఈసారి యూరియా మనమే తూచి కొన్నింటికి పెడదాం, కొన్నింటికి మానేద్దాం. అప్పుడు రెండూ రాస్తాను, మొదటిది ఎలా జరిగిందో అలాగే," అంది.

అంటే ఇంకో పంట కాలం ఆగాలి. ఫెలోషిప్ అయిపోయాక ఇంటి నుంచి డబ్బు తెచ్చుకుని ఉండాలి. ఈసారి ఎవరి చెయ్యి పడినా ఇంకో అవకాశం లేదు, డబ్బాలో అడుగు ఊడ్చి పెడుతున్నాం.

మళ్లీ రింగులు దిగ్గొట్టాం, మళ్లీ మాడ్చడం మొదలైంది. ఆ అమ్మాయి ఆయన దగ్గరికి వెళ్లింది, నేనూ వెంట వెళ్లాను.

"బాబాయి గారూ, ఈసారి వీటిని పస్తుంచాలండీ. మీరు చెయ్యేస్తే నా చదువు పోద్దండీ."

"పస్తా? ఎన్నాళ్లమ్మా?"

"కొన్నాళ్లేనండీ. చావనివ్వం. తర్వాత మేమే పెడతామండీ."

ఆయన మడి వైపు చాలాసేపు చూశారు. "ఆయ్," అన్నారు.

దారిలో నేను ఆ అమ్మాయిని ప్రశ్నలతో పీక్కుతిన్నాను. ఒప్పుకున్నట్టా, కానట్టా? పోయినసారి కూడా ఈ ఆయ్ అనే అన్నాడు గదా. ఆమెకూ తెలియదు. "విన్నానని అర్థమండీ. చేస్తానని కూడా కావచ్చండీ," అంది. నేను ఈ ప్రాంతంలో అన్నేళ్లు ఉన్నాను, ఆ రెండక్షరాల లోతు నాకు అంతు చిక్కలేదు. మడి చుట్టూ వల కట్టిద్దామా అన్నాను. "వల కడితే ఇక ఆయన మొహం ఎలా చూస్తామండీ?" అంది.

వల కట్టలేదు. పైరు పాలిపోసాగింది. వారం గడిచేసరికి నాకు ఇంకో అనుమానం వచ్చింది. ఆయన అసలు కనిపించడం లేదు. ఒంట్లో బాగోలేదేమోనని ఆ అమ్మాయీ నేనూ ఆయన ఇంటికి వెళ్తే, వాళ్లావిడ చేటలో బియ్యం చెరుగుతూ చెప్పారు.

"ఆయన ఆ గట్టు మీంచి ఎళ్లట్లేదండీ. పంటకాలవ చుట్టూ తిరిగి ఎళ్తన్నారు, ఎంత దూరమో! ఆ పైరు కళ్లబడితే చెయ్యి ఊరుకోదంటండీ."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

రెండోసారి ఎక్కడా గందరగోళం లేదు. మేం యూరియా తూచి పెట్టిన రింగులు మునుపటి గట్టు వార రింగుల్లాగే నడిచాయి. పెట్టనివి అలా నడవలేదు. హరితరేణువుల్లోని ప్రోలిన్ వచ్చినట్టే పోతోంది, రిక్తికలోది కదలడం లేదు. ఆమె రెండు పంటల సంగతీ రాసింది. మొదటి దాంట్లో యూరియా చల్లింది మేం కాదనీ, మోతాదు తెలియదనీ, ఏ శనివారమో మాత్రం తెలుసనీ రాసింది. హెడ్ గారు చదివి, తల పట్టుకుని, సంతకం పెట్టారు.

మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకుడు చాలా కఠినమైన మనిషని పేరు. గదిలో అందరం బిగుసుకుని కూర్చున్నాం. ఆయన అంతా ఇంగ్లీషులోనే, ఒక్కొక్క పేజీ తిప్పుతూ అడుగుతున్నారు. పొరలు విడదీయడంలో పొరపాటు ఎంత, కొలతలో పొరపాటు ఎంత అని ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఆమె మెల్లగా చెప్పుకుంటూ వెళ్లింది. చివరికి ఆ శనివారం సంగతి రాసిన పేజీ దగ్గర ఆగారు. రెండో పంటలో బయటి నత్రజని పడలేదని రుజువేమిటన్నారు. కొలతలన్నీ చూపించింది. అవి కాక, కాపలా ఏం పెట్టారన్నారు.

"ఏమీ పెట్టలేదండీ," అంది ఆమె, ఇంగ్లీషు మరిచిపోయి. "ఆ పక్క రైతు దారి మార్చుకున్నారండీ. పస్తులున్న పైరుని చూస్తే పెట్టకుండా ఉండలేనని, మా ప్రయోగం అయ్యేదాకా చుట్టూ తిరిగి వెళ్లేరండీ."

హెడ్ గారు బల్ల వైపు చూస్తున్నారు. పరీక్షకుడు పుస్తకం మూశారు, కళ్లజోడు తీశారు. అంతవరకు ఒక్క తెలుగు ముక్క మాట్లాడని మనిషి ముందుకు వంగి అడిగారు.

"మరి చివరికి ఆ పైరుకి తిండి పెట్టారా లేదామ్మా?"

"పెట్టామండీ," అంది ఆమె. "ఆయన చేతే చల్లించామండీ."